వైశాల్యం 5 ఉన్న త్రిభుజం ఉంది, వైశాల్యం 1 ఉన్నది లేదు: కాంగ్రుయెంట్ సంఖ్యలు, ఎలిప్టిక్ కర్వ్‌లు

భుజాలన్నీ పూర్ణసంఖ్యలో భిన్నాలో అయిన లంబకోణ త్రిభుజానికి ఏ పూర్ణసంఖ్యలు వైశాల్యం కాగలవన్నదే కాంగ్రుయెంట్ సంఖ్యల ప్రశ్న. దాని గురించి చదివేవాళ్లకు రెండు మాటలు ఎదురవుతుంటాయి. వెయ్యేళ్ల నాటి ఈ ప్రశ్నకు 1983లో జెరాల్డ్ టనెల్ తేలికైన పరీక్ష కనిపెట్టాడని ఒకచోట ఉంటుంది. ఈ ప్రశ్న ఇప్పటికీ తేలలేదని, పది లక్షల డాలర్ల బహుమతి ఉన్న సమస్యతో ముడిపడి ఉందని మరోచోట ఉంటుంది. రెండూ నిజమే. ఆ పరీక్ష "కాదు" అని చెబితే అది నిరూపణ. "అవును" అని చెబితే మాత్రం, ఇంకా ఎవరూ నిరూపించని ఒక పరికల్పన నిజమైతేనే ఆ జవాబు నిలుస్తుంది. ఈ తేడా ఎక్కడ పుట్టిందో తెలియాలంటే త్రిభుజం దగ్గర మొదలుపెట్టి ఎలిప్టిక్ కర్వ్‌ల దాకా వెళ్లాలి. దారిలో వచ్చే లెక్కలన్నీ కాగితం మీద సరిచూసుకోదగ్గవే.

అసలు ప్రశ్న

లంబకోణ త్రిభుజం మూడు భుజాలూ అకరణీయ సంఖ్యలు కావాలి, అంటే పూర్ణసంఖ్యలో భిన్నాలో అయి ఉండాలి. అలాంటి త్రిభుజానికి వైశాల్యంగా వచ్చే ధన పూర్ణసంఖ్యను కాంగ్రుయెంట్ సంఖ్య అంటారు. 3, 4, 5 త్రిభుజం వైశాల్యం 6, కాబట్టి 6 కాంగ్రుయెంట్. 5 కూడా కాంగ్రుయెంటే, కానీ దానికి భిన్నాలు కావాలి: భుజాలు 3/2, 20/3, కర్ణం 41/6. వర్గాలు కూడితే 9/4 + 400/9 = 1681/36, అది 41/6 వర్గమే. వైశాల్యం (1/2) × (3/2) × (20/3) = 5.

5 సంగతి ఫిబొనాచి 1225లోనే రాశాడు, వేరే రూపంలో. 41/12 వర్గానికి 5 కలిపితే 49/12 వర్గం, 5 తీసేస్తే 31/12 వర్గం వస్తాయి. ఇలా సమాన దూరంలో ఉన్న మూడు వర్గాలు దొరకడమూ, ఆ దూరమే వైశాల్యంగా త్రిభుజం దొరకడమూ ఒకే ప్రశ్న. మధ్య వర్గం కర్ణంలో సగానికి వర్గం.

త్రిభుజాన్ని రెండింతలు పెంచితే వైశాల్యం నాలుగింతలవుతుంది. అందుకే 5 కాంగ్రుయెంట్ అయితే 20, 45, 80 కూడా అవుతాయి. 1 కంటే పెద్ద వర్గం ఏదీ భాగించని సంఖ్యలను పరిశీలిస్తే చాలు. ఇకపై సంఖ్య అన్నచోటల్లా అలాంటిదే అనుకోండి.

వెతికితే దొరకదా?

త్రిభుజాలను వరుసగా పుట్టించే పద్ధతి పాతదే. ఉమ్మడి భాజకం లేని రెండు సంఖ్యలు ప, బ తీసుకోవాలి. ఒకటి సరి, ఒకటి బేసి, ప పెద్దది. భుజాలు ప² − బ², 2పబ అవుతాయి, కర్ణం ప² + బ². వైశాల్యం పబ(ప + బ)(ప − బ). ఇందులో వర్గాలను తీసేస్తే మిగిలేది కాంగ్రుయెంట్ సంఖ్య.

ప = 2, బ = 1 అయితే 6 వస్తుంది. 4, 1 తీసుకుంటే 60, అంటే 4 × 15, కాబట్టి 15. 5, 4 తీసుకుంటే 180, అంటే 36 × 5, కాబట్టి 5. అది 9, 40, 41 త్రిభుజం. భుజాలను 6తో భాగిస్తే పైన చూసిన 3/2, 20/3, 41/6 వస్తాయి. 7 కోసం 16, 9 దాకా వెళ్లాలి.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఏ సంఖ్య ఎప్పుడు తగులుతుందో ఈ పద్ధతి చెప్పదు. 157 కాంగ్రుయెంటే, కానీ దానికి అతి సరళమైన త్రిభుజాన్ని లెక్కగట్టింది డాన్ జాగియర్. ఒక భుజం

6803298487826435051217540 / 411340519227716149383203

రెండోది

411340519227716149383203 / 21666555693714761309610

కర్ణం లవంలోనే 48 అంకెలున్నాయి. రెండు భుజాలనూ గుణిస్తే మధ్యలోని 24 అంకెల సంఖ్య కొట్టుకుపోయి 314 మిగులుతుంది. అందులో సగం 157. వరుసగా వెతికేవాళ్లు ఈ త్రిభుజాన్ని చేరాలంటే దాదాపు 24 అంకెల ప, బ దాకా వెళ్లాలి, అది ఏ కంప్యూటర్ వల్లా కాదు. "కోటి దాకా వెతికాను, దొరకలేదు" అన్న మాట "లేదు" అనడానికి ఎందుకు సాక్ష్యం కాదో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

"లేదు" అని ఎలా నిరూపిస్తారు?

1 కాంగ్రుయెంట్ కాదని మొదట నిరూపించింది ఫెర్మా, 17వ శతాబ్దంలో. ఆ వాదన మొత్తం ఐదు వాక్యాల్లో పడుతుంది, కాబట్టి ఇక్కడే చూద్దాం.

వైశాల్యం 1 ఉన్న అకరణీయ త్రిభుజం ఉంటే, దాన్ని పెంచి, తర్వాత భుజాల ఉమ్మడి భాజకాలు తీసేస్తే, వైశాల్యం వర్గసంఖ్య అయిన పూర్ణసంఖ్యా త్రిభుజం వస్తుంది. అప్పుడు ప, బ, ప + బ, ప − బ నాలుగింటి లబ్ధం వర్గం, వాటిలో ఏ రెంటికీ ఉమ్మడి భాజకం లేదు, కాబట్టి ఒక్కోటీ విడిగా వర్గమే కావాలి: ప = ఉ², బ = వ², ప + బ = స², ప − బ = త². ఇప్పుడు (స + త)/2, (స − త)/2 భుజాలుగా కొత్త త్రిభుజం గీస్తే దాని కర్ణం ఉ, వైశాల్యం (వ/2)², అంటే మళ్లీ వర్గమే. కర్ణం మాత్రం పాతదానికంటే చిన్నది. ఇలా పూర్ణసంఖ్యలు అంతులేకుండా తగ్గుతూ పోలేవు కాబట్టి మొదటి త్రిభుజమే లేదు.

ఈ పద్ధతిని అవరోహణ అనవచ్చు. 2, 3 లాంటి వాటికీ పనిచేస్తుంది. కానీ ప్రతి సంఖ్యకూ ఇంత సూటిగా నడవదు. వర్గాలను పంచే దారులు పెరిగిపోతాయి, కొన్ని దారులు అడ్డం పడకుండానే త్రిభుజం లేకుండా పోతాయి. 17 అలాంటిది. మొదటి మెట్టు అవరోహణలో దాన్ని ఆపే అడ్డంకి కనబడదు, అయినా అది కాంగ్రుయెంట్ కాదు.

త్రిభుజం నుంచి ఎలిప్టిక్ కర్వ్‌కు

పేరు చూసి చాలామంది దీర్ఘవృత్తం అనుకుంటారు. కాదు. ఇక్కడ ఎలిప్టిక్ కర్వ్ అంటే, అడ్డం కొలతను య, నిలువు కొలతను ర అనుకుంటే, ఈ రేఖ:

ర² = య³ − న²య

న మనం అడుగుతున్న వైశాల్యం. కుడివైపును య(య − న)(య + న) అని విడదీస్తే త్రిభుజంతో చుట్టరికం కనబడుతుంది. కర్ణంలో సగానికి వర్గాన్ని య అనుకుంటే, ఫిబొనాచి చెప్పినట్టు య, య − న, య + న మూడూ వర్గాలే. వాటి లబ్ధమూ వర్గమే. అంటే త్రిభుజం ఉంటే కర్వ్ మీద అకరణీయ బిందువు, అంటే రెండు కొలతలూ అకరణీయ సంఖ్యలైన బిందువు, ఉన్నట్టే. 6కు 3, 4, 5 త్రిభుజంలో య = 25/4. లబ్ధం (25/4)(1/4)(49/4) = 1225/64, అది 35/8 వర్గం.

తిరుగు దారి కూడా ఉంది. ర సున్నా కాని బిందువు దొరికితే (య² − న²)/ర, 2నయ/ర భుజాలు, (య² + న²)/ర కర్ణం. గుర్తులు ఋణమైతే తీసేయాలి. న = 5 అయినప్పుడు (−4, 6) కర్వ్ మీద ఉంది: −64 + 100 = 36. దాన్నుంచి వచ్చేది 3/2, 20/3, 41/6.

ఇంత శ్రమ పడి కర్వ్‌కు మార్చింది ఎందుకంటే, ఇక్కడ ఒక బిందువు నుంచి ఇంకో బిందువును తయారు చేయవచ్చు. (−4, 6) దగ్గర స్పర్శరేఖ గీయండి. దాని వాలు (3 × 16 − 25)/12 = 23/12. ఆ గీత కర్వ్‌ను ఇంకొక్కచోట తాకుతుంది, అక్కడ య = (23/12)² + 8 = 1681/144. అడ్డం గీతకు అవతల ప్రతిబింబం తీసుకుంటే ర = −62279/1728. ఇది కొత్త బిందువు. పై సూత్రాల్లో పెడితే వచ్చే త్రిభుజం భుజాలు 1519/492, 4920/1519, కర్ణం 3344161/747348. భుజాలు గుణిస్తే 10, వైశాల్యం మళ్లీ 5. ఇలా కొనసాగిస్తే 5కు అనంతంగా త్రిభుజాలు వస్తూనే ఉంటాయి. ఒక్కో మెట్టుకు అంకెలు దాదాపు నాలుగింతలవుతాయి.

ర్యాంకు అంటే ఏమిటి?

రెండు బిందువుల గుండా గీత గీసి, మూడోదాన్ని పట్టుకుని, ప్రతిబింబం తీసుకోవడమే ఆ బిందువుల కూడిక. కర్వ్ మీది అకరణీయ బిందువులన్నీ కొన్ని మూల బిందువుల నుంచి ఈ కూడికతోనే వస్తాయని లూయీ మోర్డెల్ 1922లో నిరూపించాడు. వాటిలో కూడికలు చేసుకుంటూ పోతే కొంతసేపటికి మొదలుపెట్టిన చోటికే తిరిగొచ్చేవి కొన్ని, ఎన్నటికీ తిరిగిరానివి కొన్ని. తిరిగిరాని స్వతంత్ర మూలాల లెక్కే ర్యాంకు.

మన కర్వ్‌లలో తిరిగొచ్చేవి ఎప్పుడూ నాలుగే: (0, 0), (న, 0), (−న, 0), అనంతం దగ్గర ఉన్నట్టు భావించే బిందువు. వీటివల్ల త్రిభుజం రాదు, ర సున్నా కాబట్టి భాగహారమే కుదరదు. కాబట్టి ప్రశ్న ఇలా మారింది: న కాంగ్రుయెంట్ కావడమంటే కర్వ్ ర్యాంకు 1 లేదా అంతకంటే ఎక్కువ కావడం. కానీ ఏ కర్వ్ ఇచ్చినా ర్యాంకును తప్పకుండా లెక్కగట్టి ముగుస్తుందని నిరూపించిన పద్ధతి ఇప్పటికీ లేదు. వెయ్యేళ్ల ప్రశ్న ఆగింది సరిగ్గా ఇక్కడే.

బర్చ్, స్విన్నర్టన్-డయర్ ఏం గమనించారు?

1960ల మొదట్లో కేంబ్రిడ్జిలో బ్రయాన్ బర్చ్, పీటర్ స్విన్నర్టన్-డయర్ ఎడ్‌శాక్-2 కంప్యూటర్ మీద ఒక లెక్క వేశారు. అకరణీయ బిందువులను వెతకడం మాని, ఒక్కో ప్రధాన సంఖ్య శేషాల్లో బిందువులు లెక్కపెట్టారు. 13 తీసుకుందాం. య, రలకు 0 నుంచి 12 దాకా విలువలిచ్చి, సమీకరణం రెండు వైపులనూ 13తో భాగిస్తే ఒకే శేషం వచ్చే జతలు ఎన్నో చూడాలి, అనంతం దగ్గరి బిందువుతో కలిపి. సగటున 14 వస్తాయని ఆశించవచ్చు. న = 1 అయితే 8 వస్తాయి, న = 5 అయితే 20 వస్తాయి.

అకరణీయ బిందువులు దండిగా ఉన్న కర్వ్‌కు శేషాల్లోనూ బిందువులు ఎక్కువ పడతాయన్నది వారి ఊహ. ఒక్క ప్రధాన సంఖ్యను చూసి తీర్పు చెప్పకూడదు: 29 దగ్గర న = 1, న = 5 రెండింటికీ 40 బిందువులే. అన్ని ప్రధాన సంఖ్యల లెక్కనూ ఒకే ఫంక్షన్‌లో కూర్చాలి. దాని పేరు ఎల్-ఫంక్షన్. 1 దగ్గర దాని విలువ సున్నా అయితే ర్యాంకు కనీసం 1, కాకపోతే ర్యాంకు 0. ఆ సున్నా ఎంత గాఢమో, అంటే ఫంక్షన్ అక్కడ ఎంత చదునుగా సున్నాను తాకుతుందో, ర్యాంకు అంత. ఇదే బర్చ్–స్విన్నర్టన్-డయర్ పరికల్పన. క్లే సంస్థ 2000లో పది లక్షల డాలర్ల బహుమతి ప్రకటించిన ఏడు సమస్యల్లో ఇదొకటి.

టనెల్ పరీక్ష, చేసి చూద్దాం

ఎల్-ఫంక్షన్ విలువ సున్నా అవునో కాదో తేల్చడాన్ని టనెల్ పూర్ణసంఖ్యల లెక్కింపుగా మార్చాడు. న బేసి అయితే రెండు సమీకరణాలకు పూర్ణసంఖ్యా సాధనలు లెక్కపెట్టాలి (ఇక్కడి య, ర కర్వ్ కొలతలు కావు; య, ర, ల మూడూ పూర్ణసంఖ్యలు):

మొదటిది: 2య² + ర² + 32ల² = న
రెండోది: 2య² + ర² + 8ల² = న

న కాంగ్రుయెంట్ అయితే మొదటిదాని లెక్కకు రెట్టింపే రెండోదాని లెక్క కావాలి.

న = 3: రెండింటికీ య = ±1, ర = ±1, ల = 0, అంటే నాలుగేసి. 4కు రెట్టింపు 8, కానీ రెండో లెక్క 4. 3 కాంగ్రుయెంట్ కాదు, ఇది నిరూపణ.

న = 11: మొదటిదానికి (±1, ±3, 0), నాలుగు. రెండోదానికి ఆ నాలుగూ, (±1, ±1, ±1) వల్ల ఎనిమిదీ కలిపి 12. 8, 12 సమానం కావు, కాబట్టి 11 కాదు. కొత్తగా చేసేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. గుర్తులు వదిలేసి ధన విలువలే లెక్కపెడితే మొదటిదానికి 1, రెండోదానికి 2 వచ్చి, పరీక్ష నెగ్గినట్టు కనబడుతుంది. ఋణ గుర్తులన్నీ విడివిడిగా లెక్కలోకి రావాలి, సున్నాకు మాత్రం గుర్తు ఒకటే.

న = 41: మొదటిదానిలో ల = 0 అయితే (±4, ±3) వల్ల 4. ల = ±1 అయితే 2య² + ర² = 9 కావాలి, దానికి 6 సాధనలు, రెండు గుర్తులకు 12. మొత్తం 16. రెండోదానిలో ల = 0 అయితే 4, ల = ±1 అయితే 2య² + ర² = 33కు ఎనిమిదేసి చొప్పున 16, ల = ±2 అయితే మళ్లీ 12. మొత్తం 32. సరిగ్గా రెట్టింపు. ఇక్కడ పరీక్ష "అవును" అంటోంది. ఇది ఇంకా నిరూపణ కాదు, త్రిభుజం చూపించాలి. ఉంది: 40/3, 123/20, కర్ణం 881/60.

సరి సంఖ్యలకు న/2 తీసుకుని, సమీకరణాల్లో 2య² బదులు 4య² పెట్టాలి. 34 అలా నెగ్గుతుంది, దాని త్రిభుజం 24, 17/6, 145/6.

8తో భాగిస్తే 5 లేదా 7 మిగిలే సంఖ్యలకు ఈ పరీక్షలో చేయడానికి ఏమీ ఉండదు. న బేసి కాబట్టి ర కూడా బేసి కావాలి, దాని వర్గానికి శేషం 1. దానికి 2య² వల్ల 0 లేదా 2 కలుస్తుంది, మిగతా పదం 8తో నిశ్శేషంగా పోతుంది. ఎడమవైపు శేషం 1 లేదా 3 తప్ప రాదు. రెండు సమీకరణాలకూ సాధనలు సున్నా, సున్నాకు రెట్టింపు సున్నాయే. శేషం 6 అయినప్పుడూ అంతే. అంటే పరికల్పన నిజమైతే 8తో భాగిస్తే 5, 6, 7 మిగిలే ప్రతి సంఖ్యా కాంగ్రుయెంటే. 5, 6, 7, 13, 14, 15, 21, 22, 23 అన్నీ అవుతాయి. 157కు కూడా శేషం 5.

ఎంతవరకు నిరూపణ, ఎక్కడినుంచి నమ్మకం

"కాదు" అనే వైపు గట్టిగా నిలబడటానికి కారణం 1977లో జాన్ కోట్స్, ఆండ్రూ వైల్స్ ఇచ్చిన సిద్ధాంతం. మన కర్వ్‌లాంటి ప్రత్యేక సౌష్ఠవం ఉన్నవాటికి, ర్యాంకు 1 లేదా ఎక్కువ అయితే ఎల్-ఫంక్షన్ 1 దగ్గర సున్నా కావాల్సిందేనని వాళ్లు చూపించారు. సున్నా కాకపోతే త్రిభుజం లేదు. టనెల్ పరీక్ష ఈ పునాది మీద నిలిచింది.

తిరుగు వైపు, అంటే సున్నా అయితే త్రిభుజం ఉందనడం, పూర్తిగా నిరూపణ కాలేదు. సగం మాత్రం అయింది. కర్ట్ హీగ్నర్ 1952లో కర్వ్ మీద బిందువులను నేరుగా తయారుచేసే దారి చూపాడు. 8తో భాగిస్తే 5 లేదా 7 మిగిలే ప్రధాన సంఖ్యలన్నీ కాంగ్రుయెంట్ అని అందులోంచే తేలింది. 157కు త్రిభుజం ఉందన్న హామీ అక్కడినుంచే వస్తుంది. 1986లో బెనెడిక్ట్ గ్రాస్, జాగియర్ ఈ బిందువులను ఎల్-ఫంక్షన్ ఎంత వేగంగా మారుతుందన్న దానికి జోడించారు. ఆ దశాబ్దం చివర్లో విక్టర్ కొలివాగిన్ ఆ బిందువులతోనే ర్యాంకు ఇంతకు మించదని పైహద్దు చూపించాడు.

కొలివాగిన్ వాదన నడవాలంటే, సరైన ఒక సహాయక క్షేత్రంలో (అకరణీయ సంఖ్యలకు ఒక వర్గమూలం చేర్చి పెంచిన సంఖ్యల వ్యవస్థలో) ఎల్-ఫంక్షన్ అవకలనం, అంటే అది మారే వేగం, సున్నా కాదని ముందే తెలియాలి. ఆ ఖాళీని పూరించిన వారిలో గుంటూరులో పుట్టిన రామ్ మూర్తి, ఆయన సోదరుడు కుమార్ మూర్తి ఉన్నారు. వారి పత్రం 1991లో వచ్చింది. అదే ఫలితాన్ని బంప్, ఫ్రీడ్‌బర్గ్, హాఫ్‌స్టైన్ విడిగా సాధించారు. వీటన్నిటి ఫలితంగా, ఎల్-ఫంక్షన్ 1 దగ్గర సున్నా కాకపోతే ర్యాంకు 0 అనీ, మామూలు సున్నా అయితే ర్యాంకు 1 అనీ నిరూపణ అయింది. 41, 34 లాంటి వాటికి సున్నా ఇంకా గాఢం, ర్యాంకు 2. అక్కడ బిందువులను పుట్టించే సాధారణ దారి ఇప్పటికీ ఎవరి దగ్గరా లేదు. సిద్ధాంతం త్రిభుజాన్ని ఇవ్వదు, వెతికి తెచ్చుకోవాల్సిందే.

2009లో ఒక అంతర్జాతీయ బృందం లక్ష కోట్ల దాకా ఉన్న సంఖ్యలను టనెల్ పరీక్షతో జల్లెడ పట్టింది. 8తో భాగిస్తే 1, 2, 3 మిగిలేవాటిలో 300 కోట్లకు పైగా నెగ్గాయి. పరికల్పన నిజమైతేనే అవన్నీ కాంగ్రుయెంట్. ఆ వార్తను చాలాచోట్ల ఈ షరతు లేకుండా రాశారు. ఫలితం ఎంత గొప్పదో షరతు కూడా అంత ముఖ్యం.

నిపుణుల మధ్య అభిప్రాయభేదం

పెద్ద ర్యాంకులు ఎంత అరుదు? డోరియన్ గోల్డ్‌ఫెల్డ్ 1979లో ఒక అంచనా చెప్పాడు: ఇలాంటి కుటుంబాల్లో, అంటే న మారుస్తూ పోతే వచ్చే కర్వ్‌ల గుంపుల్లో, సగం కర్వ్‌లకు ర్యాంకు 0, సగానికి 1, మిగతావి దామాషాలో లెక్కకు రావు. దీన్ని బలపరుస్తూ అలెగ్జాండర్ స్మిత్, 8తో భాగిస్తే 1, 2, 3 మిగిలే సంఖ్యల్లో కాంగ్రుయెంట్‌ల వాటా సున్నాకు చేరుతుందని నిరూపించాడు. వాటా సున్నా అంటే అసలు లేవని కాదు. 34, 41 ఆ జాతివే, అలాంటివి అనంతంగా ఉన్నాయి, కానీ సంఖ్యలు పెద్దవయ్యే కొద్దీ పలుచబడతాయి. లక్ష కోట్లలో 300 కోట్లు చూసి ఎక్కువ అనుకున్నవాళ్లకు ఈ ఫలితం వింతగా తోస్తుంది. పలుచబడటం అంత మెల్లగా జరుగుతుంది.

ర్యాంకుకు పైహద్దు ఉందా అన్నచోట మాత్రం అభిప్రాయాలు నిజంగా విడిపోతాయి. కర్వ్‌లన్నిటినీ కలిపి చూస్తే, ర్యాంకు కనీసం 28 ఉన్నదాన్ని నోమ్ ఎల్కీస్ 2006లో కనుగొన్నాడు. 2024లో ఆయనా జెవ్ క్లాగ్స్‌బ్రన్ కలిసి కనీసం 29 ఉన్నదాన్ని ప్రకటించారు. ఎంత వెతికితే అంత పెద్దవి దొరుకుతాయని ఒక పక్షం. అకరణీయ సంఖ్యల బదులు పరిమిత క్షేత్రాల (ప్రధాన సంఖ్య శేషాల్లాంటి పరిమిత వ్యవస్థల) మీది బహుపదుల నిష్పత్తులు తీసుకుంటే ర్యాంకుకు హద్దు లేదని టేట్, షఫరెవిచ్ 1967లోనే చూపారు, ఆ పోలికే ఈ పక్షానికి బలం. రెండో పక్షం పార్క్, పూనెన్, వాయిట్, వుడ్ అనే నలుగురిది. యాదృచ్ఛిక మాతృకలతో (యాదృచ్ఛికంగా నింపిన సంఖ్యల పట్టికలతో) నమూనా కట్టి, ర్యాంకు 21 మించినవి పరిమితంగానే ఉంటాయని వాళ్లు అంచనా వేశారు. 28, 29 దొరకడం వల్ల ఈ అంచనా పడిపోలేదు. పరిమితంగా ఉంటాయంటే అసలు ఉండవని కాదు. ఏ పక్షం దగ్గరా నిరూపణ లేదు. నా దృష్టిలో రెండో పక్షం వాదన లెక్కకు ఎక్కువ నిలుస్తుంది, ఎందుకంటే దాని నమూనా సగటు ర్యాంకు గురించి మనకు తెలిసినవాటితో సరిపోతుంది. సగటు ర్యాంకు 1 కంటే తక్కువేనని మంజుల్ భార్గవ, అరుల్ శంకర్ నిరూపించారు.

కాంగ్రుయెంట్ కుటుంబంలోనే చూస్తే ర్యాంకు 1కి అతి చిన్న సంఖ్య 5, 2కు 34, 3కు 1254, 4కు 29274. ర్యాంకు 7 ఉన్న 797507543735ను నికొలస్ రోజర్స్ కనుగొన్నాడు. మార్క్ వాట్కిన్స్ బృందం ఈ కుటుంబంలోనే ర్యాంకు 8 కోసం పెద్ద ఎత్తున గాలించింది. 7 ఉన్నవి ఇంకొన్ని దొరికాయి, 8 దొరకలేదు.